ప్రమాదం జరిగిన మలుపు ఒకటి, జరగబోయే మలుపు ఇంకొకటి: అమెరికా కౌంటీ రోడ్ల భద్రత లెక్క

అమెరికాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) బోర్డు మీటింగుల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. ఊరి బయట పొలాల మధ్య నాలుగు రోడ్ల కూడలిలో ఎవరో చనిపోయి ఉంటారు. ఆ ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగు కలిసి వచ్చి అక్కడ సిగ్నల్ పెట్టమని అడుగుతారు. కౌంటీ ఇంజినీరు లేచి, ఆ కూడలి సిగ్నల్ పెట్టే ప్రమాణాలకు రావడం లేదని చెప్తారు. హాల్లో ఉన్నవాళ్ళకి ఆ మాట గుండెలో పొడిచినట్టు ఉంటుంది. ఇంకెంతమంది పోతే వస్తుందని ఎవరో ఒకరు అడుగుతారు, ఆ ప్రశ్న పూర్తిగా న్యాయమైనదే.

కానీ ఇంజినీరు చెప్పినదాని వెనక కూడా ఒక లెక్క ఉంది. అది ప్రాణాలు కాపాడే లెక్కే. దాన్ని విప్పి చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు అపార్థం చేసుకుని ఇళ్ళకి వెళ్ళిపోతారు. ఆ లెక్కేమిటో, దాని మీద ఉన్న అభ్యంతరాలేమిటో మొదటినుంచీ చూద్దాం.

అసలు ఆ రోడ్డు ఎవరిది?

అమెరికాలో మొత్తం 40 లక్షల మైళ్ళకు పైగా పబ్లిక్ రోడ్లు ఉన్నాయి. వాటిలో 40 శాతానికి పైగా కౌంటీల చేతిలోనే ఉన్నాయి. ఇంటర్‌స్టేట్లు, పెద్ద హైవేలు రాష్ట్రానివి, ఊళ్ళోని వీధులు సిటీవి. ఈ రెండింటికీ మధ్య, పొలాల వెంబడి, అడవుల గుండా, కొత్తగా వెలసిన కాలనీల పక్కనుంచి పోయే రెండు లేన్ల రోడ్లలో చాలా భాగం కౌంటీది. తారు పడనివి, కంకర రోడ్లు కూడా వీటిలో బోలెడు.

అన్నిచోట్లా ఇలాగే ఉండదు. కనెటికట్, రోడ్ ఐలండ్‌లలో కౌంటీ ప్రభుత్వాలే లేవు. నార్త్ కరొలైనాలో కౌంటీలకు సొంత రోడ్లు ఉండవు, రాష్ట్రమే చూసుకుంటుంది. వర్జీనియాలో ఆర్లింగ్టన్, హెన్రైకో అనే రెండు కౌంటీలు మాత్రమే తమ రోడ్లను తామే నిర్వహించుకుంటాయి. ఒహాయోలో కౌంటీ ఇంజినీరుని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. అందుకే ఒక రాష్ట్రంలో కౌంటీ ఆఫీసుకు పెట్టాల్సిన అర్జీ ఇంకో రాష్ట్రంలో రాష్ట్ర రవాణా శాఖకు పెట్టాల్సి వస్తుంది, సగం కోపతాపాలు ఇక్కడే మొదలవుతాయి.

ఇంజినీర్లు ప్రమాదాన్ని ఎలా లెక్కపెడతారు?

దేశం మొత్తం మీద 2021లో 43 వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు. 2023లో ఆ సంఖ్య 41 వేలకు కాస్త తక్కువ. అమెరికా జనాభాలో గ్రామీణ ప్రాంతాల్లో ఉండేవాళ్ళు ఐదింట ఒక వంతే, కానీ మరణాల్లో దాదాపు 40 శాతం గ్రామీణ రోడ్ల మీదే. వేగం ఎక్కువ, వెలుతురు తక్కువ, పక్కనే చెట్లు, లోతైన కాలువలు. పైగా అంబులెన్స్ రావడానికి, ఆసుపత్రికి చేరడానికి పట్టే సమయం కూడా ఎక్కువ.

పోలీసు రిపోర్టులో ప్రతి ప్రమాదానికీ ఐదు మెట్లలో ఒకటి రాస్తారు: మరణం, తీవ్ర గాయం, చిన్న గాయం, గాయమై ఉండొచ్చన్న అనుమానం, వాహన నష్టం మాత్రమే. భద్రతా ప్రణాళికలు ఎక్కువగా మొదటి రెండు మెట్లనే చూస్తాయి. ఇది తెలియకపోతే చాలా నిర్ణయాలు వింతగా కనిపిస్తాయి. ఒక సిగ్నల్ దగ్గర ఏడాదికి 20 సార్లు బంపర్లు తగిలి ఉండొచ్చు, ఒక్కరికీ ఏమీ కాలేదు. ఇంకో మలుపులో ఐదేళ్ళలో ఒకే ఒక్క ప్రమాదం, అందులో ఇద్దరు పోయారు. మొత్తం ప్రమాదాలు తగ్గించడమే లక్ష్యమైతే డబ్బు మొదటిచోటికి వెళ్ళాలి, ప్రాణాలు కాపాడటం లక్ష్యమైతే రెండోచోటికి వెళ్ళాలి. ఈ మధ్య కాలంలో ఆలోచన రెండోవైపు బాగా మొగ్గింది, అది సరైన మొగ్గేనని నాకు అనిపిస్తుంది.

చెల్లాచెదురైన మరణాలు, అందులో దాగిన మోసం

పెద్ద నగరంలో ఫలానా రోడ్డు, ఫలానా కూడలి అంటూ ప్రమాదాలు ఒకచోట పోగుపడతాయి. మ్యాప్ మీద ఎర్ర చుక్కలు గుంపుగా కనిపిస్తాయి, అక్కడ పని చేస్తే ఫలితం కనిపిస్తుంది. దీన్ని హాట్‌స్పాట్ పద్ధతి అంటారు. కౌంటీ రోడ్ల మీద అలా ఉండదు. వందల మైళ్ళ పొడవునా ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క పది మైళ్ళ అవతల. నిరుడు ప్రమాదం జరిగినచోట ఈ ఏడు జరగదు, ఎప్పుడూ ఏమీ జరగనిచోట జరుగుతుంది.

ఇక్కడే మన కళ్ళు మనల్ని మోసం చేస్తాయి. ఒక కౌంటీలో ఒకేలాంటి మలుపులు 300 ఉన్నాయనుకుందాం, అన్నింటిలోనూ ప్రమాద అవకాశం సమానం. ఐదేళ్ళలో 22 ఘోర ప్రమాదాలు జరిగితే అవి 22 వేరువేరు మలుపుల్లోనే జరగాలని లేదు, కేవలం యాదృచ్ఛికంగా ఏదో ఒక మలుపుకి రెండు పడొచ్చు. గుప్పెడు గింజలు నేల మీద చల్లితే కొన్ని పక్కపక్కన పడవా, అలాగే. ఇప్పుడు అందరూ ఆ మలుపుని శాపం తగిలిన మలుపు అంటారు. కౌంటీ అక్కడ ఒక పెద్ద బోర్డు పెడుతుంది. తర్వాతి ఐదేళ్ళలో అక్కడ ఏమీ జరగదు, బోర్డు పనిచేసిందని అందరూ సంతోషిస్తారు. కానీ బోర్డు పెట్టకపోయినా అక్కడ ఏమీ జరగకపోయే అవకాశమే ఎక్కువ. గణాంక శాస్త్రంలో దీన్ని సగటు వైపు తిరిగి రావడం అంటారు. అసాధారణంగా పెరిగిన సంఖ్య దానంతట అదే మామూలు స్థాయికి దిగుతుంది, ఆ ఘనత మాత్రం ఆ సమయంలో మనం చేసిన పనికి దక్కుతుంది.

అలాగని గత ప్రమాదాల రికార్డు పనికిరాదని కాదు. అది ఎక్కడ జరిగిందన్నదానికన్నా ఎలాంటి చోట జరిగిందన్నది ఎక్కువ చెప్తుంది. దేశంలో ప్రాణాంతక ప్రమాదాల్లో సగానికి పైగా వాహనం తన లేన్ దాటి పక్కకో ఎదురుగానో వెళ్ళిపోవడం వల్ల జరిగేవే. నాలుగింట ఒకటి మలుపుల దగ్గరే. కాబట్టి ఒక కౌంటీలో ఘోర ప్రమాదాలు ఎక్కువగా ఇరుకైన షోల్డరు (లేన్ అంచు పక్కన వదిలే చోటు), పక్కనే చెట్లు, ఒక కొలతకన్నా బిగుతుగా తిరిగిన మలుపుల్లో జరుగుతున్నాయని తేలితే, ఇంతవరకు ఏమీ జరగకపోయినా అలాంటి మలుపులన్నింటినీ ఒకేసారి బాగుచేస్తారు. దీన్ని సిస్టమిక్ పద్ధతి అంటారు. మినెసోటా రాష్ట్రం తన 87 కౌంటీలకూ ఇలాంటి భద్రతా ప్రణాళికలు తయారు చేయించింది. కౌంటీల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మొదట చెప్పే ఉదాహరణ అదే.

ఆరు లక్షల డాలర్లతో ఒక లెక్క

పైన చెప్పిన కౌంటీనే మళ్ళీ తీసుకుందాం. ఈసారి నిజ జీవితానికి దగ్గరగా, మలుపులన్నీ సమానం కావు, కొన్ని ఎక్కువ ప్రమాదకరం. ఐదేళ్ళలో 22 ఘోర ప్రమాదాలు 21 మలుపుల్లో జరిగాయి, ఒక్క మలుపులో మాత్రం రెండు. చేతిలో ఉన్నది 6 లక్షల డాలర్లు. ఇవన్నీ లెక్క కోసం నేను పెట్టిన అంకెలు.

మొదటి దారి: ఆ రెండు ప్రమాదాల మలుపుని తవ్వి సరిచేసి, భూమి కొని, రోడ్డుని తిన్నగా మార్చడం. డబ్బంతా దానికే అయిపోతుంది. అక్కడ ప్రమాదాలు పూర్తిగా ఆగిపోయాయనుకున్నా వచ్చే ఐదేళ్ళలో ఆగేవి మహా అయితే రెండు. సగటు వైపు తిరిగి రావడం సంగతి లెక్కలోకి తీసుకుంటే అసలు లాభం అందులో చిన్న భాగమే.

రెండో దారి: ఒక్కో మలుపుకి 3 వేల డాలర్ల చొప్పున, ప్రమాద లక్షణాలు ఎక్కువున్న 200 మలుపుల్లో రాత్రి మెరిసే బాణపు గుర్తుల బోర్డులు, వేగ సూచన బోర్డులు పెట్టడం. సరిగ్గా ఎంచుకుంటే 22లో 18 ప్రమాదాలు జరిగిన మలుపులు ఈ 200లోకి వస్తాయనుకుందాం. బోర్డుల వల్ల ఐదో వంతు తగ్గినా 18లో 3.6 ప్రమాదాలు ఆగుతాయి.

అదే డబ్బు, దాదాపు రెట్టింపు ఫలితం, అదీ మొదటి దారికి ఎంత అనుకూలంగా లెక్కవేసినా. సిస్టమిక్ పద్ధతికి బలం ఇదే. బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఆగిన ఆ మూడు నాలుగు ప్రమాదాలు ఏ మలుపుల్లో ఆగాయో ఎవరికీ తెలియదు, ప్రారంభోత్సవానికి కత్తిరించే రిబ్బన్ లేదు, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మలుపు మాత్రం అలాగే కనిపిస్తుంది. దీన్ని కేవలం భావోద్వేగం అని కొట్టిపారేసే ఇంజినీర్లతో నేను ఏకీభవించలేను. అక్కడ నిజంగా చూపు ఆనకపోవడమో, నీళ్ళు నిలవడమో ఉంటే అది ఆ చోటికే ప్రత్యేకమైన లోపం, దాన్ని సగటు లెక్కలు పట్టుకోలేవు. అందుకే మంచి ప్రణాళికల్లో రెండూ ఉంటాయి. డబ్బులో కొంత హాట్‌స్పాట్లకు, కొంత నెట్‌వర్క్ మొత్తానికి. ఎంతెంత అన్నదే అసలు వాదన.

ఏ పనికి ఎంత ఫలితం?

ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) హైవే శాఖ పనిచేస్తాయని రుజువైన 28 భద్రతా చర్యల జాబితా ఒకటి నడుపుతోంది. ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే వాటిలో చాలా మామూలు పనులే ఫలితంలో ముందున్నాయి. రోడ్డు అంచున 4 అంగుళాల తెల్లగీతను 6 అంగుళాలు చేస్తే గ్రామీణ రెండు లేన్ల రోడ్ల మీద, కూడళ్ళు కానిచోట్ల, మరణాలు గాయాలు ఉన్న ప్రమాదాలు 37 శాతం వరకు తగ్గినట్టు ఆ శాఖ చెప్తోంది. రెండు అంగుళాల పెయింటు! తారు అంచును నిట్టనిలువుగా వదలకుండా 30 డిగ్రీల వాలుగా వేయడం ఇంకొకటి. చక్రం అంచు దిగితే మళ్ళీ రోడ్డెక్కేటప్పుడు బండి ఒక్కసారిగా ఎదురు లేన్‌లోకి దూకకుండా ఆ వాలు కాపాడుతుంది. రోడ్డు ఎలాగూ కొత్తగా వేస్తున్నప్పుడే చేస్తే అదనపు ఖర్చు చాలా తక్కువ.

రంబుల్ స్ట్రిప్స్, అంటే చక్రం తగిలితే గరగరమని శబ్దం చేసే గాడులు, మధ్యగీత మీద వేస్తే రెండు లేన్ల గ్రామీణ రోడ్ల మీద ఎదురెదురుగా ఢీకొని మరణాలు, గాయాలు అయ్యే ప్రమాదాలు 44 నుంచి 64 శాతం తగ్గుతాయని లెక్క. ఇంత మంచి పనికి వ్యతిరేకత ఎందుకంటే, రోడ్డు పక్క ఇంట్లో పడుకున్నవాళ్ళకి అర్ధరాత్రి ఆ మోత నరకం. సైకిల్ తొక్కేవాళ్ళకి షోల్డరు మీది గాడులు ప్రమాదమే. రెండూ నిజమైన బాధలే. మధ్యలో ఖాళీలు వదలడం, శబ్దం తక్కువ చేసే అలల ఆకారపు గాడులు వేయడం లాంటి మధ్యేమార్గాలు వచ్చాయి. ఇంకో చిక్కు, పలుచని తారు పూత ఉన్న రోడ్లని గాడులు తొలిచేస్తే రోడ్డే పాడైపోతుంది, కౌంటీ రోడ్లలో అలాంటివి తక్కువేం కాదు.

ఇక రౌండబౌట్, అంటే మధ్యదిమ్మె చుట్టూ తిరిగి వెళ్ళే కూడలి. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో రెండు వాహనాల దారులు తగిలే చోట్లు 32 ఉంటాయి, ఒక లేన్ రౌండబౌట్‌లో 8. అంతకన్నా ముఖ్యం, పక్కనుంచి నేరుగా గుద్దే ప్రమాదం దాదాపు ఉండదు, వేగం తప్పనిసరిగా తగ్గుతుంది. రెండువైపులా స్టాప్ సైన్ ఉన్న కూడలిని రౌండబౌట్ చేస్తే మరణాలు, గాయాలు ఉన్న ప్రమాదాలు 82 శాతం తగ్గుతాయని అదే శాఖ అంచనా. ఇండియానాలోని కార్మెల్ నగరం 150కి పైగా రౌండబౌట్లు కట్టింది. కానీ స్థలం కావాలి, ఒక్కోదానికి లక్షల డాలర్ల ఖర్చు, పెద్ద వ్యవసాయ యంత్రాలు తిరగడం గురించి రైతుల ఆందోళన. వాళ్ళ మాట వింటూ మధ్యదిమ్మె అంచుని యంత్రం ఎక్కగలిగేలా కడితే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

సిగ్నల్ సంగతి ఇక్కడే చెప్పాలి. దేశమంతటికీ వర్తించే ట్రాఫిక్ గుర్తుల మాన్యువల్ సిగ్నల్ పెట్టడానికి 9 ప్రమాణాలు చెప్తుంది, వాటిలో ప్రమాదాల చరిత్ర ఒకటి. సిగ్నల్ పక్కనుంచి గుద్దేవాటిని తగ్గిస్తుంది, వెనకనుంచి గుద్దేవాటిని తరచూ పెంచుతుంది. వాహనాలు గంటకు 55 మైళ్ళ వేగంతో వచ్చే ఖాళీ రోడ్డు మీద, ఎప్పుడూ పచ్చగా ఉండే లైటు అకస్మాత్తుగా ఎర్రబడితే ఆగనివాళ్ళు ఉంటారు, అప్పుడు జరిగేది మామూలు ప్రమాదం కాదు.

గొడవంతా వేగం దగ్గరే

రెండు కార్లు పక్కపక్కన వెళ్తున్నాయి, ఒకటి 30 మైళ్ళ వేగం, ఇంకోటి 40. ఎదురుగా ఒక పిల్లాడు రోడ్డు మీదికి వచ్చాడు. ఇద్దరు డ్రైవర్లకీ కాలు బ్రేక్ మీదికి వెళ్ళడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుందాం, రోడ్డు పొడిగా ఉంది, బ్రేకులు సమానం. 30లో ఉన్న కారు 66 అడుగులు వెళ్ళాక బ్రేక్ పడుతుంది, ఇంకో 43 అడుగుల్లో, అంటే మొత్తం 109 అడుగుల దగ్గర ఆగిపోతుంది. 40లో ఉన్న కారు బ్రేక్ పడేసరికే 88 అడుగులు దాటేసింది. 109వ అడుగు దగ్గర దాని వేగం ఇంకా దాదాపు 34 మైళ్ళు. మొదటి కారు ఆగి నిలబడ్డచోట రెండో కారు పిల్లాణ్ణి 34 మైళ్ళ వేగంతో కొడుతుంది. అమెరికా పాదచారుల ప్రమాదాల మీద జరిగిన ఒక ప్రసిద్ధ విశ్లేషణ ప్రకారం 32 మైళ్ళ వేగం దగ్గర నలుగురిలో ఒకరు, 42 దగ్గర ఇద్దరిలో ఒకరు చనిపోతారు.

మరి బోర్డు మీద అంకె మారిస్తే సరిపోదా? ఇక్కడ రెండు వాదనలున్నాయి. పాత పద్ధతిలో, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వాహనాల వేగం కొలిచి, 100లో 85 మంది ఏ వేగం లోపు వెళ్తున్నారో దాని దగ్గర్లో పరిమితి పెడతారు. చాలామంది డ్రైవర్లు రోడ్డుని చూసి తమకు సబబనిపించిన వేగంతోనే వెళ్తారు, బోర్డు ఒక్కటే మారిస్తే కొందరు పాటించి కొందరు పాటించక వేగాల తేడా పెరుగుతుంది అన్నది ఈ వాదన. ఎదుటివాదన ఏమిటంటే, వేగంగా వెళ్ళేవాళ్ళే పరిమితిని నిర్ణయిస్తున్నట్టవుతుంది, రోడ్డు పక్క నడిచే మనిషికి ఆ కొలతలో ఓటు లేదు. 2023 డిసెంబరులో వచ్చిన ట్రాఫిక్ గుర్తుల మాన్యువల్ 11వ ముద్రణ, ఈ 85 లెక్కతో పాటు చుట్టూ ఉన్న పరిసరాలు, నడిచేవాళ్ళు, ప్రమాదాల చరిత్ర లాంటివి కూడా చూడాలని చెప్పింది. పొలాల మధ్య వేసిన రోడ్డు పక్కన ఇప్పుడు కాలనీలు, స్కూళ్ళు వచ్చేసిన కౌంటీల్లో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే రోడ్డు పాతదే, దాని మీద జీవితం మారిపోయింది. అయితే చాలా రాష్ట్రాల్లో కౌంటీ తన ఇష్టానికి పరిమితి మార్చలేదు. రాష్ట్ర చట్టం ఒక అంకె పెడుతుంది, మార్చాలంటే ఇంజినీరింగ్ అధ్యయనం కావాలి.

తప్పు డ్రైవరుదా, రోడ్డుదా?

94 శాతం ప్రమాదాలకు మనిషి తప్పే కారణం అన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. జాతీయ హైవే ట్రాఫిక్ భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన చిన్న నివేదిక దీనికి మూలం. ఆ నివేదిక లెక్కపెట్టింది ప్రమాదానికి దారితీసిన గొలుసులో చివరి లింకును, దాన్ని ప్రమాద కారణంగా తీసుకోకూడదని అందులోనే రాసి ఉంది. మలుపులో డ్రైవరు రెండు సెకన్లు చూపు తిప్పాడు, అది తప్పే. కానీ గీత చెరిగిపోయి ఉండటం, షోల్డరు లేకపోవడం, ఆరడుగుల దూరంలో చెట్టు ఉండటం కూడా ఆ గొలుసులోనివే.

1997లో స్వీడన్ పార్లమెంటు ఒప్పుకున్న విధానం నుంచి వచ్చిన ఆలోచన ఇది: మనుషులు తప్పులు చేస్తూనే ఉంటారు, ఆ తప్పుకి శిక్ష మరణం కాకుండా రోడ్డుని కట్టాలి. అమెరికా రవాణా శాఖ 2022 జనవరిలో దీన్నే తన జాతీయ వ్యూహానికి పునాదిగా తీసుకుంది. దీన్ని ఒప్పుకోనివాళ్ళ మాటలోనూ బరువుంది. దేశంలో రోడ్డు మరణాల్లో దాదాపు 30 శాతం తాగి నడపడంతో ముడిపడినవి. కార్లలో చనిపోయినవాళ్ళలో సుమారు సగం మంది సీట్‌బెల్ట్ పెట్టుకోలేదు. పెయింటు గీతలు దీన్ని మార్చలేవు, అక్కడ షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) గస్తీ కావాలి. నిజమే, కానీ ఒక కౌంటీ షెరిఫ్ దగ్గర రాత్రి డ్యూటీలో కొద్దిమందే ఉంటే వందల మైళ్ళ రోడ్డు మీద వాళ్ళు ఎక్కడని కాపలా కాస్తారు?

డబ్బు, సిబ్బంది, కోర్టు

ఫెడరల్ భద్రతా నిధి రాష్ట్రాల ద్వారా వస్తుంది, సాధారణంగా ఖర్చులో 90 శాతం అదే భరిస్తుంది. 2021 మౌలిక సదుపాయాల చట్టం, స్థానిక ప్రభుత్వాలు నేరుగా అడగగలిగేలా ఐదేళ్ళకి 500 కోట్ల డాలర్లతో ఇంకో పథకం పెట్టింది, అందులో 20 శాతం స్థానిక వాటా. నిర్మాణానికి డబ్బు అడగాలంటే ముందు కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. ఇద్దరు ఇంజినీర్లున్న పెద్ద కౌంటీ రాయగలిగే దరఖాస్తు, ఒక్క రోడ్డు సూపర్‌వైజరుతో నడిచే చిన్న కౌంటీ రాయలేదు. అవసరం ఎక్కువున్నచోట అడిగే శక్తి తక్కువ, ఇది నన్ను బాగా కలవరపెట్టే విషయం.

ప్రమాదకరమైన చోట్ల జాబితా రాసుకుంటే రేపు కోర్టులో అదే తమ మీద సాక్ష్యం అవుతుందేమోనన్న టెన్షన్ కూడా కౌంటీలకు ఉంటుంది. అందుకే ఫెడరల్ నిధుల కోసం తయారుచేసిన భద్రతా సమాచారాన్ని నష్టపరిహారం కేసుల్లో సాక్ష్యంగా వాడకూడదని చట్టం ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని పియర్స్ కౌంటీలో ఒక కూడలి ప్రమాదం మీద వచ్చిన కేసులో అమెరికా సుప్రీం కోర్టు 2003లో ఆ రక్షణ రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. ఇంకో ప్రభుత్వ అవసరం కోసం ముందే రాసిన పోలీసు రిపోర్టు లాంటివాటికి మాత్రం, వాటిని రాసినవాళ్ళ దగ్గర ఉన్నంతవరకు, ఆ రక్షణ ఉండదు. రక్షణ లేకపోతే ఎవరూ నిజాయితీగా లోపాలు రాయరని ఒక పక్షం అంటుంది. లోపం తెలిసీ ఏళ్ళ తరబడి ఊరుకున్న సంగతి బాధిత కుటుంబం రుజువు చేయలేకపోతే ఎలాగని ఇంకో పక్షం అడుగుతుంది.

మళ్ళీ ఆ కూడలి దగ్గరికి

మొదట్లో చెప్పిన నాలుగు రోడ్ల కూడలికి సిగ్నల్ రాలేదు. అంతమాత్రాన ఏమీ రాదని కాదు. స్టాప్ సైన్ పెద్దది చేసి, రోడ్డుకి రెండుపక్కలా పెట్టి, దాని గుంజకి మెరిసే పట్టీ తగిలించడం, ముందుగానే హెచ్చరిక బోర్డు పెట్టడం, ఆగాల్సినచోట గీత కొత్తగా వేయడం, ఇవన్నీ కలిపి ఒక ప్యాకేజీలా చేస్తే గ్రామీణ కూడళ్ళలో మరణాలు, గాయాలు ఉన్న ప్రమాదాలు 27 శాతం తగ్గినట్టు ఫెడరల్ లెక్క. వేసవి చివరికి మొక్కజొన్న మనిషెత్తు దాటి పెరిగి పక్కరోడ్డు మీద వచ్చే వాహనం కనిపించకుండా చేస్తుంది. ఆ మూల కొంత మేర పైరు వేయకుండా వదలమని రైతుతో మాట్లాడటం కౌంటీ చేయగలిగిన పనే, దానికి అధ్యయనాలు అక్కర్లేదు. రౌండబౌట్ కోసం దరఖాస్తు పెడితే అది మంజూరై కట్టడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోపు ఆ బోర్డులు, ఆ గీత, ఖాళీ చేసిన ఆ పొలం మూల అక్కడ పనిచేస్తూ ఉంటాయి. అదే కౌంటీలో అలాంటివే ఇంకో నలభై కూడళ్ళు ఉంటే, వాటికీ అదే వేసవిలో అవే బోర్డులు వెళ్తాయా లేదా అన్నది ఆ మీటింగ్‌లో ఎవరూ అడగని ప్రశ్న.